తిరిగొచ్చిన ఫ్లాపీ

జూలై 6, సోమవారం

ఇది పోయిన ఏటి డైరీ. 97లో ఒక షిప్పింగ్ కంపెనీవాళ్ళు కానుకగా ఇచ్చినారు. ఒక్క పేజీ కూడా మురికి చెయ్యలేదు. వారాలు ఒకరోజు తేడాగా ఉండాయి, కొట్టేసి దిద్దుకుంటే సరి. దిద్దడం నాకేమన్నా కొత్తా.

రాయమనింది మా ఇంటాయన. నేను ఇంట్లో అరిచే అరుపులకి పక్క పోర్షన్‌వాళ్ళు మేం కొట్టుకుంటా ఉండామని అనుకుంటా ఉండారంట. ఏదన్నా ఉంటే పుస్తకంలో అరుచుకో అన్నాడు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో దినమంతా సుత్తి దెబ్బల మధ్య నిలబడే మనిషికి నా గొంతు పెద్దదైపోయింది. సరి, ఈడ అరుస్తాను.

సంగతి ఇది. సెప్టెంబరు ఒకటో తేదీ నుంచి కస్టమ్స్‌లో టైపు కొట్టిన బిల్లులు తీసుకోరంట. హార్బరులో ఏ సరుకు దిగినా, ఏం వచ్చింది, ఎన్ని పెట్టెలు, ఎంత బరువు, ఎంత సుంకం అని బిల్లు కట్టాల. ఆ బిల్లు కొట్టేది మేము. తంబుచెట్టి వీధిలో మెట్లకింద సందులో రెండు రెమింగ్టన్ మిషన్లు, రెండు కుర్చీలు, నేనూ మునియక్కా. ఇరవై రెండేండ్లుగా ఇదే అంగడి. ఇకమీదట అదంతా కంప్యూటర్‌లో కొట్టి, ఫ్లాపీలో పెట్టి, కౌంటర్‌లో ఇయ్యాలంట. హార్బరులో సరుకు విడిపించే ఏజెంటు వెంకటాచలపతిగారు పొద్దున వచ్చి చెప్పిపోయినారు.

నాకేం భయం లేదు.

జూలై 7

భయం లేదని నిన్న రాసినాను కదా. లేదు.

జూలై 9, గురువారం

మునియక్క గురించి రాయాల, లేకుంటే రేపు ఈ డైరీ చదివితే నాకే అర్థం కాదు. ఆమెకి అరవై. నాకు నలభై ఐదు. తొండియార్‌పేటలో వాళ్ళన్న నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పదిహేడేండ్లప్పుడు నేను చేరితే, నా చేతుల మీద తువ్వాలు కప్పి, కీలు కనబడకుండా నేర్పింది ఈమే. తలకాయ దించి కీలు చూస్తే మణికట్టు మీద చెక్క స్కేలు పడేది. ఈ వీధిలో టైపు కొట్టేవాళ్ళలో సగం మంది ఆ స్కేలు దెబ్బ తిన్నవాళ్ళే. ఇన్‌స్టిట్యూట్ మూసినాక నేనే పిలిచి నా పక్కన కుర్చీ వేసినాను. అప్పటి నుంచి ఆ కుర్చీ ఆమెది.

ఈ పొద్దు కంప్యూటర్ మాట ఎత్తితే, ఆగస్టు ముప్పై ఒకటి వరకూ కొడతాను, తర్వాత ఎన్నూరులో చెల్లెలింటికి పోతాను అనింది. చెప్పేసి రిబ్బను మార్చుకుంటా కూర్చుంది, ఏదో రేపు చింతపండు తెస్తానన్న మాదిరి.

నేను నవ్వేసినాను. ఆమె ప్రతి ఏడూ వాన పడి మెట్లకింద నీళ్ళు కారినప్పుడల్లా ఎన్నూరు పోతాననే అంటుంది. ఎన్నూరులో ఏముండాది? లారీలు, పొగ. పోదు.

జూలై 13, సోమవారం

వెంకటాచలపతిగారు మళ్ళీ వచ్చినారు. ఆయన మంచోడు, కానీ మాటకి ముందు మూడుసార్లు దగ్గుతాడు. మూడు దగ్గులంటే చెడ్డ కబురని మాకు తెలుసు.

మా మెట్లు ఎక్కితే రెండో అంతస్తులో ఏసీ పెట్టుకొని ఒక కంప్యూటర్ సెంటర్ తెరిచినారు కదా, వాళ్ళు ఈయన పనంతా తమకే ఇమ్మని అడిగినారంట. మా అంగడికి వచ్చే పనిలో మూడొంతులు ఈయనదే. అది పోతే సందులో మేమూ ఎలకలూ. అయినా వాళ్ళ నాయన కాలం నుంచి మేం కొడతా ఉండాము కాబట్టి ఒక దారి చెప్పినాడు. ఒకటో తేదీకి ముందు కస్టమ్స్ సర్వీస్ సెంటర్‌వాళ్ళు పరీక్ష ఫ్లాపీలు తీసుకుంటారు. తప్పులుంటే ఒక చీటీ పెట్టి తిప్పి పంపుతారు. ఆగస్టు ఇరవై నాలుగు లోపల ఒకే విడతలో పది బిల్లులు, ఒక్కటి కూడా తిరిగి రాకుండా పోవాల. పోతే పని మాది, లేకుంటే పైన ఏసీవాళ్ళది.

పదే కదా అన్నాను. నేను రోజుకి ముప్పై కొట్టేదాన్ని. ఆయన మళ్ళీ దగ్గినాడు.

జూలై 18, శనివారం

కంప్యూటర్ వచ్చింది.

తెచ్చినవాడు ఆనందన్. మా ఇంటాయన స్నేహితుడు, యాభై ఏండ్ల మనిషి, నిన్న మొన్నటిదాకా పెరంబూరు క్వార్టర్స్‌లో రేడియోలు బాగు చేసేవాడు. ఇప్పుడు రిచీ స్ట్రీట్‌లో ముక్కలు ముక్కలుగా ఏరుకొచ్చి కంప్యూటర్లు కడతా ఉండాడు. నడిస్తే చూద్దాం, నడవకుంటే ఒకటో తేదీన ఎత్తుకొని పోతానన్నాడు. ఎడమచేత్తో తెచ్చి దించినట్టు దించినాడు, కానీ వైరు వైరుకీ దండం పెట్టుకుంటానే తగిలించినాడు.

మునియక్క దాన్ని ముట్టనని చెప్పింది. ముట్టను అని చెప్పి, ఒక నిమ్మకాయ తెచ్చి దాని ముందర పెట్టి, టీవీ మాదిరి ఉండే దాని నుదుట బొట్టు పెట్టి పోయింది. ముట్టినట్టే కదక్కా అంటే, బొట్టు పెట్టడం వేరు, కొలువు చెయ్యడం వేరు అనింది.

నేను కూర్చుని కొట్టినాను. ఏందిది, చప్పుడే లేదు. మా మిషన్ మీద కొడితే వీధి చివర కాఫీ అంగట్లో తెలుస్తుంది కస్తూరి పని మొదలుపెట్టిందని. నాలుగు కార్బన్‌ల కింద కూడా అక్షరం పడాలని కొట్టే చెయ్యి నాది. ఆ చెయ్యి దీనిమీద వేస్తే ఆనందన్ మొహం వాడిపోయింది. తల్లీ, ఇది అప్పడం, అట్టా గుద్దకూడదు అన్నాడు.

జూలై 21

ఒక కీ మీద వేలు పెట్టి ఆలోచిస్తే అదే అక్షరం గీత మాదిరి సాగుతా పోతా ఉండాది. మా మిషన్ నేను ఆలోచించేదాకా కాచుకునేది. దీనికి ఓర్పు లేదు.

జూలై 23, గురువారం

శ్రుతి కాలేజీ నుంచి నేరుగా అంగడికొచ్చింది. మా అమ్మాయి తెలుగులో అడిగితే అరవంలో జవాబు చెప్తుంది, అది దాని అలవాటు. నేను కొడతా ఉంటే భుజం మీద చెయ్యేసి, "అమ్మా, పయప్పడాదే" అనింది. ఎవరు భయపడేది? నేను ఎవరితోనన్నా చెప్పినానా భయమని? ఎందుకు ఇంటిల్లిపాదీ ఈ మాట పట్టుకుంటారో తెలియదు.

బిల్లు మొత్తం ఒకటి కొట్టినాను. గంటన్నర పట్టింది. మిషన్ మీద పన్నెండు నిమిషాల పని. అయినా అయింది. మునియక్కకి చూపిస్తే, అద్దాలు లేవు అనింది. అద్దాలు తలమీదే ఉండాయి.

జూలై 27, సోమవారం

మొదటి పరీక్ష ఫ్లాపీ. అందులో రెండు బిల్లులు. పొద్దున తొండియార్‌పేటలో బండెక్కి బీచ్ స్టేషన్‌లో దిగేదాకా దాన్ని చేతి సంచిలో కాదు, రుమాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. నేనే పోయి కౌంటర్‌లో ఇచ్చినాను. ఆడ కూర్చున్న పిల్ల మర్యాదగా తీసుకుంది.

సాయంత్రం తిరిగొచ్చింది. రెండూ తప్పంట. చీటీలో ఏ వరసలో తప్పో అంకెలుండాయి, ఏం తప్పో లేదు. ఆనందన్ ఆ వరసలన్నీ తెరమీద చూసినాడు. పెట్టెల లెక్క సరిగానే ఉండాది, బరువు సరిగానే ఉండాది, తేదీ సరిగానే ఉండాది. కాగితం పక్కన పెట్టి ఒక్కో అంకే చదివినాము. అన్నీ ఒప్పే. ఫ్లాపీ చెడ్డది అన్నాడు ఆనందన్.

జూలై 28

ఏమీ రాయను.

జూలై 30

కొత్త ఫ్లాపీ. అదే రెండు బిల్లులు. తిరిగొచ్చింది.

ఆగస్టు 3, సోమవారం

ఆనందన్ ఫ్లాపీ పెట్టే డబ్బా మార్చినాడు. తర్వాత దాని వైరు. తర్వాత వైరస్ అన్నాడు, అది జబ్బంట, కంప్యూటర్‌కి వస్తుందంట. కర్పూరం వెలిగించినాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉండాది ఈయన కథ. నేను సరిగ్గా కొట్టినాను. నేను కొట్టిన బిల్లు ఇరవై రెండేండ్లలో ఎన్నిసార్లు తిరిగొచ్చిందో వేళ్ళమీద చెప్పగలను, అవి కూడా సరుకు తెప్పించిన పార్టీవాళ్ళ తప్పులు.

ఒక విడ్డూరం. ఈసారి మూడు బిల్లులు పంపితే చిన్నది ఒకటి, దారాల పెట్టెలది, గమ్మున పోయింది. మిగతా రెండూ వచ్చినాయి. అదే చెయ్యి, అదే ఫ్లాపీ. ఒకటి పోవడమేంది, రెండు రావడమేంది? పోయినందుకు సంతోషపడాలో, ఏడవాలో తెలియక టిఫిన్‌కి ఇంకో రెండు ఇడ్లీలు తిన్నాను.

మునియక్క ఫ్లాస్కు ఇంటికి తీసుకుపోయింది. కడగడానికి అయ్యుంటుంది.

ఆగస్టు 6

కుర్చీ మీద వేసుకునే మెత్త కూడా తీసుకుపోయింది మునియక్క. ఎండలో వెయ్యాల కదా, మంచిదే.

ఆగస్టు 8, శనివారం

గోడమీద ఉండే వెంకటేశ్వరస్వామి పటం. ఫ్రేము వదులయింది, నేనే చెప్పినాను ఒకసారి. బాగు చేయించడానికి.

ఆగస్టు 12, బుధవారం

ఈ పొద్దు నేను మాట్లాడకూడని మాట మాట్లాడినాను. రాస్తే తేలిక పడతుందేమో చూస్తాను.

నాలుగు బిల్లులు కొట్టి పంపితే నాలుగూ తిరిగొచ్చినాయి. పన్నెండు దినాలు మాత్రం ఉండాయి. ఆనందన్ కంప్యూటర్ పొట్ట తెరిచి అందులో ఊదతా ఉండాడు. మునియక్క తన మిషన్ మీద ఎవరికో అద్దె రసీదు కొడతా ఉండాది. టక్ టక్ అని, హాయిగా. ఆ చప్పుడు వింటే నాకు తిక్క రేగింది. నీకేమక్కా, ముప్పై ఒకటో తేదీకి చేతులు దులుపుకొని పోతావు, మునిగేది నేను కదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసినారు.

ఆమె కొట్టే వరస పూర్తి చేసింది. కాగితం తీసి, కార్బన్ విడదీసి, అప్పుడు నా పక్కకి తిరిగింది.

"నేను పోతాననింది నిన్ను ముంచేదానికి కాదు కస్తూరీ. సందులో ఇద్దరు పట్టే చోటు ఉండాది. అందులో ఒకటి ఆ మిషన్‌కి పోయింది. చేతకానిదాన్ని ఇంకో చోటు పట్టుకొని కూర్చుంటే, నువ్వు నన్ను లెయ్యమని చెప్పలేవు. అందుకని నేనే లేస్తా ఉండాను."

రైల్లో బీచ్ నుంచి తొండియార్‌పేట దాకా ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాము, దినమూ కూర్చున్నట్టే. ఆమె పల్లీలు కొని సగం నా ఒళ్ళో పోసింది. ఈ మనిషి లేకుండా రేపు ఆ బండి ఎట్టా ఎక్కేది? ఫ్లాస్కు కడగడానికి తీసుకుపోలేదు. నాకు మొదటి దినమే తెలుసు.

ఆగస్టు 13

ఇంటాయనతో చెప్పినాను, ఆమె పోతే నేను అంగడి మూసేస్తాను, ఆ పని ఏసీవాళ్ళకే పోనీ అని. ఆయన పొట్లకాయ కూర కలుపుకుంటా, ముందు పది బిల్లులు పోనీ, తర్వాత మూద్దువు, ఓడి మూస్తే అవమానం, గెలిచి మూస్తే పొగరు, నీకు రెండోదే బాగుంటుంది అన్నాడు. నవ్వొచ్చింది. ఈ మనిషికి నన్ను నవ్వించడం ఒక పని.

ఆగస్టు 18, మంగళవారం

దొరికింది. దొరికింది దొరికింది దొరికింది.

మొదటి నుంచి రాస్తాను, లేకుంటే గెంతతానే ఉంటాను.

మధ్యాహ్నం మునియక్కకి పని లేదు. ఆనందన్ వంచిన నడుం వంచినట్టే పెట్టి తెర చూస్తా ఉండాడు, నేను తెర చూస్తా కొడతా ఉండాను. మునియక్క స్టూలు లాక్కొని నా కుడి పక్కన కూర్చుంది. తెర చూస్తే కండ్లు మండుతాయని ఆమె తెరవైపు చూడదు కదా. నా చేతులు చూస్తా కూర్చుంది. ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నట్టే. ఏదో లెక్క పెడతా ఉన్నట్టు పెదవులు మాత్రం కదులుతా ఉండాయి.

ఆగమనింది. ఆ వరస మళ్ళీ కొట్టమనింది. పెట్టెలు 112. కొట్టినాను. మళ్ళీ అనింది. మళ్ళీ కొట్టినాను.

"నీ కుడి చేతి ఉంగరం వేలు రెండుసార్లు కదిలింది. ఎందుకు?"

"ఒకటి కొట్టినానక్కా. రెండు ఒకట్లు."

"ఈ మిషన్‌లో ఒకటి పైవరసలో, ఎడమ కొసలో ఉండాదే. పొద్దున తుడిచేటప్పుడు చూసినాను. ఎడమ చిటికెన వేలు పోవాల కదా."

నేను చేతులెత్తి కీల వైపు చూసినాను. ఇరవై ఎనిమిదేండ్లలో మొదటిసారి తలకాయ దించి కీలు చూసినాను.

మా పాత రెమింగ్టన్‌లో ఒకటి అంకె లేదు. పైవరస రెండుతో మొదలవుతుంది. ఒకటి కావాలంటే ఇంగ్లీషు చిన్న ఎల్ కొడతాము. కాగితం మీద రెండూ ఒకే గీత, కస్టమ్స్‌వాళ్ళు ఒకటనే చదువుతారు, ప్రపంచమంతా ఒకటనే చదువుతుంది. నా వేలికి ఒకటి అంటే ఎల్, అంతే. ఆలోచన లేదు. ఇన్ని దినాలూ నేను కంప్యూటర్‌కి ఒకటి ఉన్న చోటల్లా అక్షరం పెట్టి పంపినాను. తెరమీద చూస్తే రెండూ ఒకే మాదిరి గీతలు, ఆనందన్ కండ్లకీ నా కండ్లకీ తేడా తెలియలేదు. కంప్యూటర్‌కి తెలిసింది. బరువు అడిగితే అక్షరం చెప్తావేందిరా అని తిప్పి పంపింది. దారాల బిల్లు ఎందుకు పోయిందో తీసి చూసినాము. అందులో ఎక్కడా ఒకటి లేదు, తేదీ కూడా 3-8-98.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, వేలు నా దగ్గర పెట్టుకొని వైర్లన్నీ పీకించినాను. ఆనందన్ నేలమీద కూర్చుండిపోయి, మద్దెల మంచిదేనమ్మా అన్నాడు. నేను ఆ మాట ఆయన ముందర ఎప్పుడు అన్నానో నాకు గుర్తు లేదు, అనే ఉంటాను.

ముగ్గురమూ నవ్వినాము. మునియక్క కొంగుతో కండ్లు తుడుచుకుంటా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి ఆపేసి, ఆ వేలికి అది నేర్పింది నేనే కదా కస్తూరీ అనింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎట్టా పట్టుకున్నానో ఏమో, గాజు ఒకటి పగిలింది.

ఆగస్టు 19, బుధవారం

తెలిస్తే సరిపోతుందని అనుకున్నాను. వేలికి తెలియద్దా? మనసు చిటికెన వేలు అంటుంది, ఉంగరం వేలు ముందే పోయి కొట్టి వచ్చేస్తుంది. పొద్దున ఇరవైసార్లు ఒకటి కొడితే పదహారు ఎల్‌లే.

మునియక్క యాడో దాచిన చెక్క స్కేలు తెచ్చింది. నా పక్కన కూర్చుని, ఉంగరం వేలు తప్పు పోతే టక్కున ఒకటి వేస్తా ఉండాది. నలభై ఐదేండ్ల దాన్ని, ఎదిగిన కూతురున్న దాన్ని, తంబుచెట్టి వీధి నట్టనడుమ స్కేలు దెబ్బలు తింటా ఉండాను. కాఫీ అంగడివాడు గ్లాసులు ఇయ్యడానికి వచ్చి నిలబడిపోయినాడు.

ఎంత సంతోషంగా ఉండాదో చెప్పలేను.

ఆగస్టు 21

పదహారు తప్పులు నాలుగైనాయి. మణికట్టు ఎర్రగా ఉండాది. అక్క కొట్టేది మెల్లగానే, నేనే ఎక్కువ చెప్తా ఉండాను.

ఆగస్టు 24, సోమవారం

పది బిల్లులు. పదీ పోయినాయి.

కొడతా ఉన్నంతసేపూ అక్క నా ఉంగరం వేలినే కనిపెట్టుకొని ఉండింది. ఒక్కో బిల్లూ ప్రింటు తీసి, నేను గట్టిగా చదివితే మునియక్క పాత కాగితంతో సరి చూసింది. ఆ తర్వాతే ఫ్లాపీలో పెట్టినాము. కౌంటర్ పిల్ల సాయంత్రం చీటీ ఇచ్చింది, తప్పుల చోట ఖాళీ. ఆ ఖాళీని నేను రాజాజీ సాలైలో నడిరోడ్డు మీద నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. వెంకటాచలపతిగారు చూసి, ఒక్కసారి కూడా దగ్గకుండా, పని మీదే అన్నారు.

పరుగెత్తి వచ్చి చెప్తే, మునియక్క మంచిది, ఇక నాకు నిశ్చింత, ముప్పై ఒకటి సోమవారం కదా, మంచి రోజే అనింది.

గెలిచినాను. గెలిచి ఏం లాభమో నాకు తెలియడం లేదు. రేపు వినాయక చవితి, ఉండ్రాళ్ళు చెయ్యాల.

ఆగస్టు 27, గురువారం

వీధి చివర కాళిముత్తు అంగడి. మా పోటీ. వాడూ ఒక కంప్యూటర్ తెచ్చి పెట్టుకున్నాడు. వాడి ఫ్లాపీలు కూడా తిరిగొస్తా ఉండాయంట. మొహం వేలాడేసుకొని మా సందు ముందర నుంచి రెండుసార్లు పోయినాడు, అడగలేక.

నేను గమ్మున ఉండాల అనుకున్నాను. మేం నెల రోజులు ఏడ్చి కనుక్కున్నది వీడికి ఊరికే ఎందుకు చెప్పాల? మునియక్కకి కూడా అదే చెప్పినాను. ఆమె తల ఊపింది. కాఫీ తాగి వస్తానని పోయింది. గంటసేపు రాలేదు. చూస్తే కాళిముత్తు అంగట్లో, వాడి పక్కన స్టూలు వేసుకొని కూర్చుని ఉండాది. వాడు మీసాలున్న మగోడు, స్కేలు దెబ్బకి వేలు నోట్లో పెట్టుకున్నాడు.

నాకు మండింది. అడిగేసినాను. ఆమె ఏమీ తడబడలేదు. వాడికీ నేనే నేర్పినాను, 72లో, నీ తర్వాత రెండో బ్యాచి, నేను నేర్పిన తప్పు నేను తియ్యకుంటే ఎవరు తీస్తారు అనింది. ఈ వీధిలో, పక్క వీధిలో కలిపి అట్టాంటి వేళ్ళు ఎన్నుండాయో లెక్క పెట్టుకొని వచ్చిందంట. పందొమ్మిది మంది.

ఆగస్టు 29, శనివారం

మునియక్క దినమంతా అంగట్లో లేదు. ఒక అంగడి నుంచి ఇంకో అంగడికి పోతానే ఉండాది, చేతిలో స్కేలు. అన్నిటికంటే వింత, మధ్యాహ్నం రెండో అంతస్తు ఏసీ సెంటర్‌వాళ్ళు మనిషిని పంపినారు. వాళ్ళూ అనుభవం ఉండాలని పాత టైపిస్టులనే పెట్టుకున్నారు, వాళ్ళ ఫ్లాపీలు కూడా తిరిగొస్తా ఉండాయి. ఆ మనిషి మెట్లు దిగి వచ్చి, మా సందులో తల వంచి, "ఇక్కడ మునియమ్మ మేడమ్ ఎవరండీ?" అని అడిగినాడు. మేడమ్. అక్క వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరన్నా ఉండారేమోనని.

పోయొచ్చి, ఏసీలో కాళ్ళు జిల్లుమంటాయి అని మాత్రం చెప్పింది. కానీ జడ ఒకసారి సర్దుకుంది. నేను చూసినాను.

ఆగస్టు 31, సోమవారం

ముప్పై ఒకటి. అక్క ఆఖరి బిల్లు మిషన్ మీద కొట్టింది. కవరు కప్పింది. తీసుకుపోవడానికి ఏమీ మిగల్లేదు, అన్నీ ముందే పోయినాయి. బండిలో పల్లీలు నేను కొన్నాను. స్టేషన్‌లో దిగి, ఆమె ఆ పక్కకి, నేను ఈ పక్కకి. ఉండిపో అక్కా అని చెప్పాలని దారంతా అనుకుంటానే ఉండాను. నోరు పెద్దదే నాది, కావాల్సిన మాటకి మాత్రం తెరుచుకోదు.

సెప్టెంబరు 1, మంగళవారం

పొద్దున ఎనిమిదిన్నరకి పొయ్యేసరికి సందు నిండా జనం. కాళిముత్తు, ఏసీ సెంటర్ ఆమె ఒకామె, ఇంకా ముగ్గురు. అందరి చేతుల్లోనూ ప్రింటు కాగితాలు. మునియక్క యాడ అని అడిగినారు. మొదటి దినం కదా, ఇచ్చే ముందు ఆమె ఒకసారి చూస్తే ధైర్యంగా ఉంటుందంట. ఆమె ఇక రాదని ఎట్టా చెప్పేది? వస్తాది, కూర్చోండి అన్నాను. ఎందుకట్టా అన్నానో తెలియదు.

తొమ్మిది దాటి పది నిమిషాలయింది. వచ్చింది. ఎన్నూరు బస్సు కోసం బయల్దేరినాను, ఊరికే, మొదటి బిల్లు పోతుందా లేదా చూసి పోదామని ఇట్టా వచ్చినాను అనింది. చేతిలో సంచి లేదు. తొండియార్‌పేట నుంచి ఎన్నూరు బస్సుకి బయల్దేరిన మనిషి, ఎదురుదిక్కు బండెక్కి బీచ్‌లో దిగి, ఊరికే వచ్చిందంట. స్టూలు జరిపినాను.

అంతే. సాయంత్రం దాకా లేవలేదు. నేను కొడతాను, ఆమె సరి చూస్తుంది, పక్కవాళ్ళ కాగితాలు వస్తే అవీ చూస్తుంది. కాళిముత్తు కాగితంలో తేదీలోనే ఒక ఎల్ పట్టుకుంది. తెర మీద కనబడనిది ప్రింటులో ఎట్టా కనబడిందక్కా అంటే, కాగితంలో చూడలేదు, వాడు చదివేటప్పుడు వాడి వేలు గాల్లో కదిలింది, దాన్ని చూసినాను అనింది. మధ్యాహ్నం మా మొదటి ఫ్లాపీ పోయింది, నంబరు వేసిన రసీదు వచ్చింది. ఆ రసీదు కౌంటర్‌లో కంప్యూటరే అచ్చు వేసి ఇచ్చింది. మునియక్క దాన్ని తీసుకొని, అద్దాలు దించి, పైనుంచి కింది దాకా మా కాపీతో సరి చూసింది. తప్పుల్లేవు, ఎవరో బాగానే కొట్టినారు అని నాకిచ్చింది.

అంగడి మూసేటప్పుడు నేను దీపం ఆర్పి, రేకు తలుపు సగం దించినాను. ఆమె ఇంకా లోపలే నిలబడి ఉండాది, మెట్లకింద ఆ సందు పొడవు కొలుస్తా ఉన్నట్టు. మూడో కుర్చీ పడుతుందా అని చూస్తా ఉండాదని తర్వాత బండిలో చెప్తే తెలిసింది, వచ్చేవాళ్ళు నిలబడే ఉంటారు కదా అని.

"రేపు ఎన్నింటికి తెరుస్తావు?" అని అడిగింది.

ఎనిమిదిన్నరకి అక్కా అన్నాను.

"ఎనిమిదికి తెరువు. ఏసీవాళ్ళు తొమ్మిదికి దిగుతారు, అంతలోపల మన పని అయిపోవాల."

మన పని అనింది. తలుపు దించబోయి, తాళం కనబడక, నా చేతిలోనే ఉన్న తాళం కనబడక, కాసేపు వెతుక్కున్నాను. ఆమె నా చేతిలోంచి తీసుకొని తనే వేసింది.